పెట్టెలో అమ్మాయి

మా మేనత్త పెద్దకర్మ రోజున, శ్రీనగర్ కాలనీలో వాళ్ళ అపార్ట్‌మెంటు సెల్లార్‌లో వేసిన బల్లల ముందు కూర్చుని, అందరం మళ్ళీ ఆ రెండు కథలే చెప్పుకుని నవ్వుకున్నాం. పోయినావిడ ఆ కథలు చెప్పడంలో దిట్ట. ఈసారి వాళ్ళబ్బాయి చెప్పాడు. ఆవిడ గొంతుతోనే, ఆవిడ ఆగే చోటే ఆగుతూ చెప్పాడు. పెరుగు వడ్డించే కుర్రాడు కూడా గిన్నె పట్టుకుని నిలబడిపోయాడు.

రెండూ మా తాతయ్య గురించినవే. మతి తప్పాక ఆయన ఒకరోజు రికార్డు ప్లేయరుకి జ్వరం వచ్చిందని పంజాగుట్ట ఆసుపత్రికి డాక్టరు కోసం నడుచుకుంటూ వెళ్ళాడు. అది మొదటి కథ. ఇంకో రోజు, విజయవాడలో నిక్షేపంలా ఉన్న కూతురు చచ్చిపోయిందనుకుని, పొద్దుగూకే వేళ కట్టుబట్టలతో నీళ్ళు పోసేసుకున్నాడు. అది రెండోది. ఆ కూతురే మా మేనత్త.

"బతికుండగానే నాకు స్నానం చేసేశాడమ్మా మా నాన్న!" అని ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వేది. నవ్వి నవ్వి, కళ్ళు తుడుచుకుని, కాస్త ఆగి అనేది: "కానీ చూశావూ, కొడుకు పేరు మర్చిపోయాడు. అన్నం పెట్టే కోడల్ని మర్చిపోయాడు. నన్ను మాత్రం మర్చిపోలేదు."

ఆ ఒక్క మాట కోసం నేను ఇన్నేళ్ళూ నోరెత్తలేదు. ఆవిడ ఉండగా ఇది రాయడం నావల్ల కాలేదు. తాతయ్యకి మతి తప్పిన మాట నిజమే. కానీ ఆ రెండు రోజులూ ఆయన చేసిన పనుల్లో పిచ్చేమీ లేదు. అది చెప్పాల్సినవాణ్ణి నేనొక్కణ్ణే, నాకొక్కడికే తెలుసు కాబట్టి.

భోజనాలయ్యాక ఒక చిన్న కోడలు నన్ను పట్టుకుని, "తాతగారి పిచ్చి మీకే వచ్చిందట కదా మామయ్యా, ఇల్లంతా రికార్డు ప్లేయర్లేనట!" అంది. వచ్చినమాట నిజమే. ఎర్రగడ్డ సంతలో ఎవరో తుక్కు కింద అమ్మేసిన పెట్టెలు తెచ్చుకుని ఆదివారాలు విప్పుకుని కూర్చుంటాను. లోపల గ్రీజు తారులా గట్టిపడి ఉంటుంది. పళ్ళెం తిప్పే రబ్బరు చక్రం రాయిలా బిగుసుకుపోయి ఉంటుంది. గ్రీజు గీకి, మోటారుకి రెండు చుక్కల కుట్టుమిషన్ నూనె వేసి, రబ్బరుని గరుకు కాగితంతో రుద్ది, అన్నీ బిగించాక మొదట చూసేది వేగం. అందుకో చిన్న అట్ట ఉంటుంది, దాని చుట్టూ సన్నటి నల్ల గీతలు. పళ్ళెం మీద పెట్టి, ట్యూబులైటు కింద తిప్పాలి. వేగం సరిగ్గా ఉంటే తిరుగుతున్న గీతలు కదలకుండా నిలబడినట్టు కనిపిస్తాయి. కొంచెం తక్కువైనా అవి వెనక్కి పాకుతాయి. అవి నిలబడేదాకా నేను పాట పెట్టను. ఇంకొకళ్ళ ఇంట్లో వేగం తప్పిన పాట వినబడితే అక్కడ కూర్చోలేను. దీన్ని నా స్నేహితులు చాదస్తం అంటారు.

అప్పట్లో మేం అమీర్‌పేటలో ఒక సందులో, ఓనరు గారి పాత ఇంటికి ముందువైపు కట్టిన రెండు గదుల వాటాలో ఉండేవాళ్ళం. ఇప్పుడా సందులో నాలుగు హాస్టళ్ళు, మూడు జిరాక్సు షాపులు ఉన్నాయి. మైత్రీవనం దాకా తలెత్తితే కోచింగ్ సెంటర్ల బోర్డులే, ఆకాశం కనబడదు. అప్పుడు సందు చివర ఖాళీ జాగా ఉండేది, దాని అంచున రాళ్ళ గుట్ట. ఓనరు గారికి రెండు గేదెలు. పొద్దున లేస్తూనే పచ్చిగడ్డి వాసన, పేడ వాసన, మా కిరసనాయిలు స్టవ్వు వాసన, మూల మీది ఇరానీ హోటల్లో బిస్కట్లు కాలుతున్న వాసన, అన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చేవి.

మా ముందు గదికి ఒకే కిటికీ. దానికెదురుగా రెండు మూరల దూరంలో ప్రహరీ గోడ. ఆ గోడ మీద వాన చారికలు నాకు ఇప్పటికీ గుర్తే, ఎందుకంటే ఒక వేసవంతా నేను వాటినే చూస్తూ కూర్చున్నాను.

తాతయ్యకి గోదావరి ఒడ్డున ఒక ఊళ్ళో రికార్డుల కొట్టు ఉండేది. నాయనమ్మ పోయి, ఆయనకి మరుపు మొదలయ్యాక నాన్న కొట్టు తీసేసి మా దగ్గరికి తీసుకొచ్చాడు. ఆయనతో పాటు రెండు ట్రంకుపెట్టెల రికార్డులు, ఒక ప్లేయరు వచ్చాయి. పాతకాలపు లక్క రికార్డులు. బరువుగా, నల్లగా, కిందపడితే పింగాణీలా పగిలేవి. ఒక పక్కకి ఒకే పాట. మహా అయితే మూడు నిమిషాలు. ప్లేయరు సూట్‌కేసులా మూతపడే చెక్కపెట్టె. దానికి వేగం మార్చడానికి ఒక పుల్ల ఉండేది, దాని కింద నాలుగు అంకెలు. లోపల బల్బుల్లా వెలిగే వాల్వులు ఉండేవి కాబట్టి కాసేపు పాడగానే పెట్టె వెచ్చబడేది. చలికాలం పొద్దున్నే నేను దాని మీద చేతులు కాచుకునేవాణ్ణి.

వచ్చిన కొత్తలో తాతయ్య శుక్రవారం శుక్రవారం పెట్టెని విప్పి శుభ్రం చేసేవాడు. "ముల్లు దించేటప్పుడు ఊపిరి బిగపట్టు. నిద్రపోయేవాళ్ళ మీద దుప్పటి కప్పుతున్నట్టు దించాలి," అని నాకు నేర్పాడు. పాత పంచె ముక్కతో రికార్డు తుడిచి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేవాడు. నాకూ చూపించేవాడు. కాలిన లక్క, కర్పూరం కలిసిన వాసన. కానీ ఒకసారి ప్లగ్గులో వేలు పెట్టబోయి షాకు కొట్టించుకున్నాక నాన్న ఆయన్ని పెట్టె ముట్టుకోనివ్వలేదు. ఆ పని నాకొచ్చింది.

ఆ వేసవికల్లా ఆయనకి పెట్టె అంటే యంత్రమన్న సంగతి పోయింది. అందులో మనుషులున్నారు, అంతే. నేను మనవణ్ణన్న సంగతీ పోయింది. నన్ను తన కొట్టులో పనిచేసే కుర్రాడనుకునేవాడు.

"ఒరే కుర్రాడా, అమ్మాయిని పాడమను."

అమ్మాయి అంటే ఒక సన్నటి గొంతు. ఆ రికార్డు మీది కాగితం ఎప్పుడో ఊడిపోయింది, పేరు లేదు. జోలపాటలాంటి పాట. ఆ అమ్మాయి పాడుతుంటే ఆయన కుర్చీలో కళ్ళు మూసుకుని తల చిన్నగా ఆడిస్తూ ఉండేవాడు.

అసలు సంగతి అదే. పాట ఉన్నంతసేపే ఆయన కుర్చీలో ఉండేవాడు. పాట ఆగితే లేచేవాడు. "కొట్టు తెరవాలి, పొద్దెక్కింది" అంటూ చెప్పులు వెతుక్కునేవాడు. అంతకుముందు రెండుసార్లు అలా వెళ్ళిపోతే సందు చివర పట్టుకున్నాం. వీధి తలుపు గడియ మరీ పైన ఉండేది, ఆయన దాన్ని మర్చిపోయేవాడు గానీ, గడియ తీసి ఉంటే మాత్రం క్షణంలో బయటపడేవాడు. కరెంటు పోతే పాట జారి జారి ఆగిపోయేది. అప్పుడు "అలిసిపోయింది పాపం, పడుకోనీ" అని ఆయనే లేచేవాడు. అమ్మ పరిగెత్తుకొచ్చి, "మామయ్యగారూ, బియ్యంలో రాళ్ళు ఏరిపెట్టరూ?" అని చేట చేతికిచ్చి ఆపేది.

అందుకని సెలవులిచ్చిన రోజునుంచి నా ఉద్యోగం ఖాయమైంది. నాన్న పొద్దున్నే ఆఫీసుకి సైకిలెక్కేవాడు. అమ్మకి వంట, బట్టలు, వెనక పంపు దగ్గర నీళ్ళు. నేను పెట్టె పక్కన పీట మీద. పాట అవుతుంది, రికార్డు తిప్పాలి. పాట అవుతుంది, మార్చాలి. దొడ్లోకి వెళ్ళాలన్నా పాట మొదలుపెట్టి పరిగెత్తి, అది అయ్యేలోపు రావాలి. ఉప్పుడుపిండి ప్లేటూ, మధ్యాహ్నం తాటిముంజలూ అన్నీ ఆ పీట మీదే. గోడకవతల ఖాళీ జాగాలో పిల్లలు క్రికెట్టు ఆడుతున్న అరుపులు వినబడేవి. ఎవరు అవుటయ్యారో గొంతు బట్టి చెప్పగలిగేవాణ్ణి.

ఓనరు గారబ్బాయిది నా ఈడే. గోడెక్కి కిటికీలోంచి తొంగిచూసేవాడు.

"వస్తవా రావా బే? మస్తు ఆడుతున్నం."

"తాతయ్యని చూసుకోవాలి."

"రోజు గిదే ముచ్చట. ఏం, తాత ఉరికిపోతడా?"

"పోతాడు."

వాడు తాతయ్య వైపు చూసి, "తాతా, జర వీన్ని ఇడిశిపెట్టు. ఒక్క ఓవర్ ఆడి వస్తడు," అనేవాడు.

తాతయ్య కళ్ళు తెరవకుండానే, "కొట్టు కట్టేశాక వెళ్తాడు," అనేవాడు.

ఓనరు గారి భార్య కూడా గేదెలకి కుడితి పెట్టడానికి పోతూ కిటికీ దగ్గర ఆగేది. "ఏం తాతా, గీ పాట నిన్న సుత ఇన్నం గద. కొత్తది లేదా?" అనేది. ఆయన చాలా మర్యాదగా, "వచ్చేవారం వస్తుందమ్మా సరుకు. రండి," అనేవాడు. ఆవిడ నవ్వేది కాదు. "వస్త తాతా, నాకొకటి తీసిపెట్టు," అని వెళ్ళిపోయేది. ఆ ఇంట్లో ఆయన్ని చూసి నవ్వనిది ఆవిడొక్కతే.

వేగం పుల్లతో ఆట మొదలుపెట్టింది వినోదానికే. తాతయ్య కునుకు తీస్తుండగా ఓనరు గారబ్బాయికి చూపించడానికి పుల్లని కిందికి లాగాను. పాడుతున్న పెద్దమనిషి గొంతు గేదె అరుపులా అయిపోయింది. వాడు గోడ మీదినుంచి పడబోయాడు. అప్పుడే నాకో సంగతి తట్టింది. పాట నెమ్మదిగా తిరిగితే ఎక్కువసేపు వస్తుంది. మరీ కింది అంకెకి లాగితే గేదె. అసలు అంకెకి ఒక్క అంకె కింద ఆపితే, గొంతు బరువుగా, మత్తుగా ఉంటుంది గానీ మనిషి గొంతులాగే ఉంటుంది. మూడు నిమిషాల పాట ఐదు నిమిషాలు దాటుతుంది.

ఐదు నిమిషాలుంటే గోడ దూకి, ఒక ఓవరు ఆడి, తిరిగొచ్చి రికార్డు తిప్పొచ్చు.

మధ్యాహ్నం నీళ్ళొచ్చే వేళకి అమ్మ బిందెలు పట్టుకుని వెనక పంపు దగ్గరికి వెళ్ళేది. అదే అదను. ఒక మగ గొంతు రికార్డు పెట్టి, పుల్ల కిందికి లాగి, వీధి తలుపు గడియ చప్పుడు కాకుండా తీసి, దగ్గరికి వేసి పరిగెత్తేవాణ్ణి. గడియ లోపలినుంచే పడుతుంది, బయటినుంచి వెయ్యడానికి లేదు. ఓనరు గారబ్బాయి నా కోసం బ్యాటింగు ఆపి ఉంచేవాడు. ఆరు బంతులు, మళ్ళీ పీట మీదికి. మొదటిసారి తాతయ్య కాస్త మొహం చిట్లించాడు. "ఏంట్రా, ఈయన ఇవాళ నిద్రలో పాడుతున్నాడు?" అన్నాడు. అంతే. కొన్నాళ్ళు బాగానే గడిచింది.

ఆ రోజు మగ గొంతుల రికార్డులన్నీ అయిపోయాయి. ఆయన అమ్మాయిని అడిగాడు. పంపు దగ్గర బిందె శబ్దం అప్పుడే మొదలైంది. గోడ అవతలనుంచి, "అరే, జల్ది రా! నీ కోసమే ఆపిన!" అని కేక. అమ్మాయి పాట పెట్టాను. ఒక్క క్షణం ఆలోచించాను. పుల్ల లాగేశాను.

ఆ రోజు నేను బాగా ఆడాను. ఓవరు అయిపోయింది. "ఇంకొక్కటి ఆడు బే, నాటవుట్ ఉన్నవ్ గద" అన్నారు. ఆడాను.

తిరిగొచ్చేసరికి తలుపు బార్లా తీసుంది. కుర్చీ ఖాళీ. పాట అయిపోయి, ముల్లు చివరి గీతలో గర్ర్ గర్ర్ మని తిరుగుతోంది. చిలక్కొయ్యకి తగిలించిన ఆయన ఉత్తరీయం లేదు. మూలనున్న గొడుగు లేదు. నేను మొదట ఆయన కోసం వీధిలోకి పరిగెత్తలేదు. పుల్లని పైకి, దాని అసలు అంకె దగ్గరికి నెట్టేశాను. ఆ తర్వాత అమ్మని పిలిచాను.

అందరూ తలో దిక్కుకి వెళ్ళారు. అమ్మ చెప్పుల్లేకుండా ఎర్రటి ఎండలో సందు చివరిదాకా వెళ్ళి వచ్చింది. ఓనరు గారి భార్య, "ఫికర్ చెయ్యకమ్మా, మా ఆయన సైకిల్ మీద పోయిండు, తోల్కొస్తడు," అంటూ అమ్మని గుమ్మంలో కూర్చోబెట్టింది. ఇరానీ హోటల్ నుంచి ఫోన్ చేయిస్తే నాన్న కూడా ఆఫీసు నుంచి వచ్చేశాడు. సాయంత్రానికి ఓనరు గారు సైకిలు నడిపించుకుంటూ, వెనక తాతయ్య గొడుగు వేసుకుని నడుస్తూ, సందులోకి వచ్చారు.

"పంజాగుట్ట దవాఖానల బెంచి మీద కూసున్నడు సార్," అన్నాడు ఓనరు గారు నాన్నతో. "పోదాం పా తాతా అంటే, డాక్టర్‌ను తోల్కపోకుంట నేను రానంటడు."

ఆసుపత్రిలో జరిగింది, అక్కడివాళ్ళ దగ్గర విని, ఓనరు గారే చెప్పాడు. ఇదే తర్వాత మా మేనత్త కథ అయింది. తాతయ్య గేటు దగ్గరున్న పనివాడితో, "మా అమ్మాయికి గొంతు దిగిపోయింది నాయనా, ఒళ్ళు కాలిపోతోంది. డాక్టరు గారిని ఒక్కసారి ఇంటికి పంపండి," అన్నాడు.

"డాక్టర్ ఇంటికి రాడు తాతా. పేషెంట్‌ను ఈడికి తేవాలె. ఏడుంది?"

"పెట్టెలో ఉంది."

ఆ మనిషి బెదిరిపోయాడు. "అయ్యో, పెట్టెల పెట్టిన్రా? ఎప్పుడు పోయింది తాతా?"

"పోవడమేంటయ్యా, శుభమా అని! పాడుతోంది."

మేనత్త చెప్పేటప్పుడు అందరూ పగలబడి నవ్వేది ఇక్కడే. ఆ సాయంత్రం ఓనరు గారు కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. నాన్న కూడా, అంత కోపంలోనూ, మొహం పక్కకి తిప్పుకున్నాడు. నేను నవ్వలేదు. గొంతు దిగిపోయింది. ఒళ్ళు కాలిపోతోంది. ఆయన లేచివెళ్ళి పెట్టె మీద చెయ్యి వేసి చూశాడు. వెచ్చగా ఉంది. లోపల అమ్మాయి మాట సాగదీస్తోంది, మూలుగుతోంది, అయినా పాడుతోంది. ఆయన పిలిచి ఉంటాడు. ఇంట్లో ఎవరూ పలకలేదు. ఎవరూ లేనప్పుడు ఆడపిల్లకి అంత జ్వరం వస్తే ఎవరైనా ఏం చేస్తారు? ఉత్తరీయం వేసుకుని, గొడుగు తీసుకుని, డాక్టరు కోసం వెళ్తారు. కొట్టుకి వెళ్ళలేదాయన. ఊరు తెలియని ఊళ్ళో, ఎవర్ని అడిగాడో ఏమో, ఆసుపత్రికే వెళ్ళాడు.

"తలుపు గడియ ఎవరు తీశారు?" అని నాన్న అడిగాడు.

అమ్మ నా వైపు ఒకసారి చూసింది. నా మోకాళ్ళకి ఖాళీ జాగాలోని ఎర్రమట్టి ఉంది.

"నేనే. నీళ్ళకి వెళ్తూ మర్చిపోయాను," అంది.

నాన్న ఆవిణ్ణి ఓనరు గారి ముందే అనరాని మాటలన్నాడు. ఆవిడ తలవంచుకుని తాతయ్యకి మజ్జిగ కలిపింది. నేను ఆడుకోవడానికి వెళ్ళానని మాత్రమే ఆవిడకి తెలుసు. పుల్ల సంగతి ఆవిడకి తెలియదు, ఎప్పటికీ తెలియలేదు.

నాన్న అంతటితో ఊరుకోలేదు. "అసలు ఈ పాటలే ఆయన బుర్ర తినేస్తున్నాయి. పెట్టెకి జ్వరం రావడమేంటి? ఇంక ఈ ఇంట్లో పాట వినబడకూడదు," అన్నాడు.

"పాట లేకపోతే ఆయన కూర్చోరండీ," అంది అమ్మ.

"తాళం వేస్తే కూర్చుంటారు."

అప్పుడు చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది. పాటల తప్పు కాదు, నేను పుల్ల లాగాను, సరైన వేగంలో పెడితే ఆయన ఎప్పటిలా ఉంటాడు అని. కానీ అలా చెప్పాలంటే నేను ఎందుకు లాగానో చెప్పాలి, తలుపు ఎవరు తీశారో చెప్పాలి, అప్పుడు అమ్మ అబద్ధం చెప్పినదవుతుంది. అన్ని మాటలు పడ్డాక మళ్ళీ అందుకోసం పడుతుంది. నాకు నేను అలా చెప్పుకున్నాను. నిజానికి నాకు దెబ్బలంటే భయం. రెండూ నిజమే.

పెట్టెని పాత దుప్పట్లో మూటకట్టి నాన్న అటకెక్కించాడు. ట్రంకుపెట్టెలు మంచం కిందికి పోయాయి. మర్నాడు వీధి తలుపుకి లోపలివైపు తాళం వచ్చింది. తాళంచెవి అమ్మ బొడ్లో. పాలవాడొచ్చినా, కూరగాయలవాడొచ్చినా, ఆవిడే వచ్చి తాళం తీసి, పని కాగానే మళ్ళీ వేసేది. నేనూ, తాతయ్యా లోపల. కిటికీకి ఎదురుగా అదే గోడ. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. అంతకుముందు మూడు నిమిషాలకోసారైనా లేచేవాణ్ణి. ఇప్పుడు లేవడానికి కూడా పని లేదు.

తాతయ్య నాన్న చెప్పినట్టే కుర్చీలో కూర్చున్నాడు. తలుపు దగ్గరికి వెళ్ళడం మానేశాడు. వారం తిరక్కుండానే ఆయన మెడ వాలిపోయింది. కానీ ఒక్కటి మాత్రం మర్చిపోలేదు. పొద్దున కాఫీ తాగగానే నన్ను దగ్గరికి పిలిచేవాడు.

"కుర్రాడా, అమ్మాయికి ఎలా ఉంది?"

"బాగుంది తాతయ్యా."

"డాక్టరు చూశాడా?"

"చూశాడు."

"ఏమన్నాడు?"

"తగ్గిపోతుందన్నాడు."

"మరి పాడదేం?"

గొంతుకి విశ్రాంతి ఇమ్మన్నారని చెప్పాను. కొన్నాళ్ళు అది నమ్మాడు. మిరియాల కషాయం ఇవ్వమన్నాడు. ఇచ్చానన్నాను. వేడిగా ఇచ్చావా అన్నాడు. పట్టెడన్నం తినేముందు, ఆ పిల్ల తిందా అని అడిగేవాడు. మధ్యాహ్నం అడిగిందే సాయంత్రం అడిగేవాడు. అడిగినట్టు ఆయనకి గుర్తుండేది కాదు. నాకు మాత్రం ప్రతిసారీ కొత్తగా చెప్పాల్సి వచ్చేది. ఒకసారి కుర్చీ వేసుకుని అటక అందుకుందామని చూశాను. మూట బరువుకి కాలు జారింది. అమ్మ చూసి, "మీ నాన్న చంపేస్తారు, దిగు," అంది.

జూన్‌లో మబ్బు పట్టిన ఒక సాయంత్రం. బళ్ళు ఇంకా తెరవలేదు. గోడ మీద ఓనరు గారబ్బాయి ప్రత్యక్షమయ్యాడు. "సెలవులు అయిపోతున్నయ్ రా. ఇగ నువ్వు ముసలోనివైనవ్," అని ఎగతాళి చేసి దూకేశాడు. గదిలో ఉక్క. తాతయ్య నా చెయ్యి పట్టుకున్నాడు.

"కుర్రాడా, అమ్మాయికి ఎలా ఉంది?"

నేను గోడ మీది వాన చారికలు చూస్తున్నాను.

"నిన్నే. ఎలా ఉంది? పాడదేం?"

"పోయింది తాతయ్యా," అన్నాను.

ఆ మాట ఆలోచించి అనలేదు. ఇంక అడగడని అన్నాను. అంతే.

ఆయన నా చెయ్యి వదిలేశాడు. "ఎప్పుడు?" అన్నాడు.

"పొద్దున."

"ఎవరూ నాకు చెప్పలేదేం?"

తర్వాత ఆయన చేసింది, ఆయన ఈడు మనిషి ఎవరైనా చేసేదే. అయినవాళ్ళు పోయారని తెలిస్తే తలమీద నీళ్ళు పోసుకోవాలి. కట్టుకున్న బట్టలతోనే పోసుకోవాలి. ఆయన లేచి, గోడ పట్టుకుని పెరట్లోకి నడిచి, గోలెంలోంచి చెంబుతో నీళ్ళు ముంచుకుని నెత్తిమీద గుమ్మరించుకున్నాడు. పంచె, చొక్కా, అన్నీ అలాగే. తూర్పుకి తిరిగి ఏదో గొణిగాడు.

అమ్మ పరిగెత్తుకొచ్చింది. "మామయ్యగారూ! దీపాల వేళ ఏంటండీ ఇది?"

"అమ్మాయి పోయిందిటమ్మా," అన్నాడు. "మీకు తెలియదా?"

ఆయనకి ఉన్నది ఒక్కతే కూతురు. అమ్మ పరిగెత్తి వీధి తలుపు తాళం తీసింది. నాన్న అప్పుడే సైకిలు దిగుతున్నాడు, అలాగే తిరిగి ట్రంకాల్ చెయ్యడానికి పోస్టాఫీసుకి తొక్కాడు. మా మేనత్త పక్కింటివాళ్ళ ఫోన్లో, "ఎవరు పోయారు? నేనా?" అని ఒక్కటే నవ్వు అట. మా కుటుంబం ఇప్పటికీ చెప్పుకునే రెండో కథ అదే. ఆయన ఆ రాత్రి అన్నం ముట్టకపోవడం, ఆ తర్వాత ఇంక అమ్మాయి ఊసే ఎత్తకపోవడం కథలో లేవు. ఆ చలికాలంలో ఆయన పోయాడు. అప్పటికి పెట్టె ఇంకా అటక మీదే ఉంది. "చివర్లో పాటలంటేనే భయం పట్టుకుంది పాపం, అందుకే తీసి దాచేశాం," అని వచ్చినవాళ్ళందరికీ నాన్న చెప్పాడు. ఆయన అబద్ధం చెప్పలేదు. ఆయనకి తెలిసింది అంతే.

ఆ సాయంత్రం ఇంకొకటి కూడా జరిగింది. అది ఎవరికీ తెలియదు, ఎందుకంటే గదిలో మేమిద్దరమే ఉన్నాం. నాన్న పోస్టాఫీసు నుంచి ఇంకా రాలేదు. అమ్మ తాతయ్యకి పొడి పంచె ఇచ్చి, గుమ్మంలో నిలబడి వీధివైపు చూస్తోంది. తాతయ్య కుర్చీలో కూర్చున్నాడు, జుట్టులోంచి నీళ్ళు మెడమీదికి కారుతున్నాయి. నేను పీట మీద కూర్చుని ఏడుస్తున్నాను. చెప్పేయాలనిపించింది. ఆయనకైనా చెప్పాలి, పోలేదు తాతయ్యా, అటక మీద ఉంది, నాన్నని అడిగి దింపిస్తాను అని. నోరు తెరిచాను.

ఆయన వంగి నా వీపు మీద చెయ్యి వేశాడు. చాలా రోజుల తర్వాత ఆయన చూపులో ఎదుటి మనిషి కనబడుతున్నట్టు అనిపించింది.

"ఏడవకురా," అన్నాడు. "నువ్వు మాత్రం ఏం చేస్తావు? డాక్టరుకి చూపించావు. వేళకి కషాయం ఇచ్చావు. రాత్రింబగళ్ళు పక్కనే ఉన్నావు. ఇంకొకళ్ళయితే ఇంత చెయ్యరు."

నేను నోరు మూసుకున్నాను.

"మనవైపు లోపం ఏమీ లేదు," అన్నాడు. "అవునా, కాదా?"

నేను అవునన్నట్టు తలూపాను.